పాటలోని బాధ, నోటిలోని మాట



“పిల్లలు ఫోనులో ర్యాప్ పాటలు వింటున్నారు, అన్నీ బూతులేనట” అని కొందరు తల్లిదండ్రులు బాధపడుతుంటారు. ఆ పాట ఎక్కడ పుట్టిందో, దాని భాషను గూర్చి అక్కడివారే ఎలా వాదించుకున్నారో తెలుసుకోవడం మనకు మేలు.

బుర్రకథకుడు గుక్కతిప్పుకోకుండా కథ చెప్పినట్లు, దరువు మీద వరుసగా మాటలు పలకడమే ర్యాప్. దానితోపాటు నాట్యం, గోడలపై రంగుల రాతలు కలిసినది హిప్‌హాప్. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, క్లైవ్ క్యాంప్‌బెల్ అనే జమైకా యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వేసినప్పుడు అది మొదలైందంటారు. ఇండ్లు తగలబడి, పనులు దొరకని పేట అది. 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ పాట ఆ పేదరికాన్నే లోకానికి వినిపించింది.

తరువాత కొందరు అదే పాటలో స్త్రీలను హీనపరచారు, హత్యలను పొగిడారు. కంపెనీలు వాటిని అమ్మి లాభపడ్డాయి. 1993లో హార్లెమ్‌లోని అబిస్సీనియన్ బాప్టిస్టు సంఘ కాపరి కాల్విన్ బట్స్ గారు అట్టి క్యాసెట్లను రోడ్డు రోలరు క్రింద నలిపించబూనారు. తాను ర్యాప్‌కు విరోధిని కానని, అందులోని నీచపు మాటలకే విరోధినని ఆయన చెప్పారు. అయినా కొందరు రోలరుకు అడ్డం నిలిచారు. మా వీధుల్లో ఉన్నదే మేము పాడుతున్నామని గాయకుల వాదన.

నల్లవారిని బానిసలుగా అమ్మిన కాలపు తిట్టు ఒకటి ఈ పాటల్లో తరచు వినబడుతుంది. మాలో మేము స్నేహంగా పిలుచుకుంటే దాని విషం పోతుందని యౌవనస్థులు అంటారు. ఆ మాటతో అవమానపడిన పెద్దలు ఒప్పుకోరు. 2007 జూలైలో నల్లవారి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. డెట్రాయిట్‌లో శవపేటికను ఊరేగించి, ఆ మాటకు భూస్థాపన జరిపింది. అయినా పాటల్లో అది ఆగలేదు.

ఆ పెద్దల నొప్పి మనకు క్రొత్త కాదు. తమ కులం పేరునే తిట్టుగా విన్న తాతలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఆ మాటను మనవడు సరదాకు పలికితే తాత గుండె ఎలా ఉంటుందో మనమెరుగుదుము.

కాబట్టి మేము చెప్పేది ఇది. ర్యాప్ అంతటినీ త్రోసివేయకండి. 2018లో కెండ్రిక్ లామార్ ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. దానిలో కటువైన మాటలూ ఉన్నాయి, లోతైన ఆలోచనా ఉంది. రెంటినీ వేరుచేయడం పిల్లలకు నేర్పాలి. బిడ్డ ప్రక్కన కూర్చుని ఒక పాట పూర్తిగా వినండి. “ఇందులో ఎవరి బాధ ఉంది? ఈ మాట ఎవరిని అంటున్నారు? నీ చెల్లెలిని అంటే ఊరుకుంటావా?” అని అడగండి. ఫోను లాగుకుంటే ఆ పూటకు పాట ఆగుతుంది గాని, బిడ్డకు వివేచన రాదు.

మరొక మాట. యాకోబు పత్రిక 3వ అధ్యాయం నాలుకను గూర్చి హెచ్చరించినది పాటగాళ్లను మాత్రమే కాదు. పొలంలో కూలివారితో, ఇంటిలో భార్యతో మనం వాడే మాటలను కూడా పిల్లలు వింటూనే ఉన్నారు.