బెదరిన కుక్కకు ధైర్యము గఱపుట



నోరులేని జీవమొకటి భయముతో మన యింట జేరినప్పుడు గృహిణి యెట్లు మెలగవలెనో యీ మాసమున విన్నవించుచున్నాము.

భారతకథ మొదటనే సరమ యను దేవశునకము కనబడును. ఏ తప్పును చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని యామె రాజునొద్దకే పోయి యడిగెను. కనరాని భయము నీకు వచ్చునని పలికి పోయెను. మల్లి మా పెరటికి వచ్చిననాడు ఆ కథయే మా తలపునకు వచ్చినది. దానిని కొట్టినవా రెవరో మే మెఱుగము. భయము మాత్రము దాని యొడలెల్ల నిండియుండెను.

మల్లి నాలుగేండ్ల నాటుకుక్క. బాడుగ యిల్లు ఖాళీచేయుచు యజమానులు దానిని స్తంభమునకు గట్టి పోయిరట. ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును నిష్కారణముగ విడిచిపోవుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. జీవరక్షణ సంఘమువారు దానిని తెచ్చి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించిరి. కాని పెక్కు కుక్కలు మొఱుగుచోట నట్టిది మఱింత ముడుచుకొనిపోవును. అందుచే స్థిరమైన యిల్లు దొరకువఱకు సాకుడని మాకప్పగించిరి. “వసారా దాటి లోనికి రారాదు” అని అత్తగారు కట్టడి చేసిరి.

మొదట చేయవలసినది చోటు చూపుట. వసారా మూలను బల్లక్రింద గోనెపట్టా పఱచి, మూడువైపుల మఱుగు గల్పించితిమి. వెనుకనుండి యెవరును రారను నమ్మకము భయస్థునకు సగము బలము. తొలి మూడుదినములు స్నానము చేయింపలేదు, చుట్టములకు చూపలేదు, పేరుపెట్టి పదేపదే పిలువలేదు. వేళ తప్పక అన్నమును నీళ్లును పెట్టి తొలగిపోవుచుంటిమి. మేము చూచుచుండగా తినక, రాత్రి దీపము తీసినపిదప తినెడిది. భయము పోవుటకు 3 దినములు, 3 వారములు, 3 నెలలు అని కుక్కలను సాకువారు ఒక మోటులెక్క చెప్పుదురు. తొలినాళ్లలో దిగులు తగ్గును, వారములలో ఇంటి పద్ధతి తెలియును, నెలలలో ఇల్లు తనదను భావము కలుగును. ఎదిగిన కుక్కకు ఇంకను ఆలస్యమైనను వింతలేదు.

కుక్క మాటాడదందురు గాని దాని యొడలెల్ల మాటయే. తోక కాళ్లనడుమ ముడుచుట, చెవులు వెనుకకు వాల్చుట, నిద్రలేకయే ఆవులించుట, తిండి యెదుట లేకయే మూతి నాకుకొనుట, మొగము త్రిప్పుకొనుట, కంటి తెలుపు కనబడునట్లు ఓరగ చూచుట: ఇవన్నియు “దగ్గఱకు రావలదు” అను విన్నపములే. గుఱ్ఱుమన్నచో కొట్టరాదు. గుఱ్ఱుమనుటకు శిక్షించినచో నది హెచ్చరిక మాని యొక్కసారిగ కఱచును.

ఎదురుగా నిలిచి కన్నులలోనికి చూడరాదు. పైనుండి వంగి తలపై చేయి వేయరాదు. ప్రక్కకు దిరిగి నేలపై కూర్చుండి, ఉడికించిన గ్రుడ్డు ముక్క నొకదానిని కొంచెము దూరమున విసరవలెను. దినదినమును ఆ దూరమును తగ్గించుకొనుచు రావలెను. తానై వచ్చి చేతిని వాసన చూచినపిదప, ఱొమ్ముపై మూడు లెక్కించునంతసేపు నిమిరి చేయి తీయవలెను. మరల దగ్గఱకు వచ్చినచో నిమురవచ్చును, తొలగినచో విడువవలెను. భయపడినప్పుడు తిండిపెట్టినచో భయము పెరుగునని కొందఱందురు; అది పొరపాటు. తీపియైనది దొరకు చోటు మెల్లమెల్లగా మంచిచోటని తోచును.

మా తప్పును గూడ చెప్పవలెను. పండ్రెండవనాడు బంధువొకరు ముచ్చటపడి బల్లక్రింద చేయిచాచిరి. మొగమాటముచే మేము వారింపలేదు. మల్లి వణకుచు నిలిచినచోటనే మూత్రము విడిచెను. రెండుదినములు అన్నము ముట్టలేదు. పదిదినముల శ్రమ యొక్క నిమిషమున పోయెను. అతిథి మర్యాదకై ఆశ్రితుని బలిపెట్టరాదని ఆనాడు నేర్చితిమి.

చిత్రమేమనగా, అది మొట్టమొదట చేరినది మమ్ము గాదు, అత్తగారిని. మైల యగునని వారు దానివంక చూడకయే, మధ్యాహ్నవేళ వసారా గట్టుపై వత్తులు చేసికొనుచుండెడివారు. ఐదవ వారమున నొకనాడు మల్లి మెల్లగ వచ్చి వారి చీరకుచ్చెళ్లపై మూతి యానించి నిద్రపోయెను. “ఏమే, ఈపూట నాకు రెండవ స్నానము వ్రాసిపెట్టితివా!” అనిరే గాని, అది లేచువఱకు కదలలేదు. ఏమియు కోరక ప్రక్కన నుండువారియందే భయస్థులకు నమ్మకము కుదురును. ఈ మాట క్రొత్తకోడండ్ర విషయమునను నిజమే.

జాగ్రత్తలు కొన్ని. బెదరిన కుక్క గోడదూకి పాఱిపోవును. కొన్నాళ్లు పెరటిలోనైనను పలుపు విడువరాదు. దీపావళినాటి సాయంకాలము తలుపులు మూసి గదిలో నుంచవలెను. పసిపిల్లలను దానియొద్ద ఒంటరిగ విడువరాదు. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు పెట్టరాదు. ఎట్టి కుక్క కఱచినను, గీచినను, గాయమును సబ్బుతో ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. పసుపు, సున్నము పూసి యూరకుండరాదు.

నాలుగవ నెలలో మల్లికి మంచి యిల్లు దొరకెను. ఉంచుకొందమని మా మనస్సు మిక్కిలి పీకెను. కాని యిది నిలిచినచో రేపు మఱియొక బెదరినదానికి ఆ బల్లక్రింద చోటుండదు. క్రొత్తయింట పరిచితమైన వాసన యుండవలెనని దాని గోనెపట్టాను కూడ పంపితిమి. అత్తగారు లోనికి పోయి తమ పాతచీర ముక్కయొకటి తెచ్చి, మాటాడక దానిపై నుంచిరి.

బల్లక్రింద క్రొత్త గోనె పఱచితిమి.