నల్లమలకు సెలవు ఏ నెలలో?

పర్యాటకం పేరెత్తగానే ప్రభుత్వ ప్రణాళికల్లో కాటేజీలు, సఫారీ జీపులు, బోటు షికార్లు బారులు తీరతాయి. కానీ మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి నల్లమలలోకి అడుగుపెట్టే జనంలో ఎక్కువ మంది కొబ్బరికాయ, పసుపు కుంకుమలు పట్టుకుని వస్తారు. నెక్కంటి అడవిలో ఇష్టకామేశ్వరి నుదుట బొట్టు పెట్టి కోరిక చెప్పుకుంటారు. రాచర్ల మండలంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామికి మొక్కు తీర్చుకుంటారు. దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం మల్లన్న దగ్గరికి పోతారు. ఇక్కడ పర్యాటకుడంటే ముందు భక్తుడు. ఈ సంగతి పట్టించుకోని ఎకో టూరిజం ప్రణాళిక ఏదైనా ఈ ప్రాంతంలో అడవినీ కాపాడలేదు, ఊళ్లకూ అన్నం పెట్టలేదు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. జాతీయ గణనలో 2018లో ఆంధ్రప్రదేశ్‌కు 48 పులులు లెక్క తేలితే, 2022లో 63 తేలాయి. వాటిలో అత్యధికం నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వువే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా దోర్నాల–శ్రీశైలం దారి మూసేయడం వంటి కట్టుబాట్లకు ఈ పెరుగుదలలో వాటా ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సి వచ్చినప్పుడు విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అసలు చిక్కు కాలంతోనే. జూలై నుంచి సెప్టెంబరు వరకు పులులు జతకట్టే కాలమని అటవీ శాఖ ఇష్టకామేశ్వరి దారిని మూసేస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే రంగనాయకస్వామి గుడి దగ్గరి నెమలిగుండం నిండుతుంది, సీఎస్‌పురం మండలం భైరవకోనలో జలపాతం దూకుతుంది. రెండు మంచి వానలు పడితే చాలు, ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి, వారాంతానికల్లా కార్లు వరస కడతాయి. వానలు వెనకపట్టాక కార్తీకం. ఆ వెనక శివరాత్రి, ఉగాది. అప్పటికి చెట్లు ఆకు రాల్చి అడవి నేలంతా ఎండిపోయి ఉంటుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, వంటయ్యాక నీళ్లు చల్లని పొయ్యి, ఏదో ఒకటి చాలు మంట అంటుకోవడానికి. వానాకాలం ఒక తీరు ఒత్తిడి, ఎండాకాలం ఇంకో తీరు. ఏడాది మొత్తానికి ఎంతమంది వచ్చారన్న లెక్కలో ఇవేవీ కనిపించవు.

ఘాట్ రోడ్డు మీద రోజూ జరిగేది చూడండి. మలుపులో కారు ఆగుతుంది, అద్దం దిగుతుంది, బిస్కెట్ ప్యాకెట్ బయటికొస్తుంది. పిల్లను పొట్టకు హత్తుకున్న కోతి రోడ్డు మధ్యకు ఉరుకుతుంది. వెనక బస్సు బ్రేకు తొక్కుతుంది. పుణ్యమనుకుని చేసే ఈ పని కోతికి అడవిలో కాయ వెతుక్కోవడం మాన్పిస్తుంది, దాన్ని చక్రాల కింద పడేస్తుంది. ఉప్పు వాసన పట్టిన కవర్లను జింకలు, దుప్పులు నములుతాయి.

నీళ్ల సంగతి ఇంకా గట్టిది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నెమలిగుండం దాటి కంభం చెరువుకు చేరుతుంది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. గుండంలో స్నానం చేసి వదిలేసిన బట్టలు, పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు చివరికి రైతు చెరువు దారి పడతాయి. వేసవిలో వన్యప్రాణుల కోసం అటవీ శాఖే ట్యాంకర్లతో సాసర్ పిట్లనే నీటి తొట్లు నింపాల్సి వస్తోంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు గుల్లయిన ఊళ్లు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నాయి. ఇలాంటి చోట అడవి అంచున కాటేజీలు, వాటికి బోర్లు అంటే అడవికీ ఊరికీ కూడా నీళ్ల తగవు తెచ్చిపెట్టడమే.

టికెట్ ధర పెంచి జనాన్ని తగ్గించవచ్చనే వాదన ఉంది. భూటాన్ విదేశీ యాత్రికుల దగ్గర రాత్రికి 100 డాలర్లు వసూలు చేస్తోంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే కనిగిరి కూలీ దగ్గర ఆ పద్ధతి చెల్లదు, చెల్లకూడదు కూడా. మనకు దగ్గరి పాఠం కేరళలోని పెరియార్. శబరిమల ఆ పులుల రిజర్వులోనే ఉంది. అక్కడ లక్షల భక్తుల ఒత్తిడిలో కష్టాలు తీరిపోలేదు గానీ, ఒకప్పటి వేటగాళ్లే దారి చూపే గైడ్లయ్యారు, 'వసంత సేన' పేరుతో స్థానిక మహిళలు అడవిలో గస్తీ తిరిగారు. మన నల్లమలలో చెంచు గిరిజనులు ఇప్పటికే బేస్ క్యాంపుల్లో కావలి కాస్తున్నారు, పులి అడుగులు పట్టుకుంటున్నారు. వాళ్లను దినకూలీలుగా ఉంచి, పర్యాటక ఆదాయాన్ని పైనుంచి పంచడం న్యాయం కాదు. ఏ దారిలో, ఏ నెలలో ఎన్ని బండ్లు పోవాలో తేల్చే కమిటీలో పాలుట్ల, నెక్కంటి గూడేల మాట చెల్లాలి.

పులుల రిజర్వుల్లో పర్యాటకానికి హద్దులు కొత్తేమీ కాదు. 2012లో సుప్రీంకోర్టు కొన్ని నెలలు కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలు కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడొద్దన్నాయి. ప్రతి చోటా అడవి మోయగలిగిన బరువు లెక్కగట్టమన్నాయి. సఫారీ జీపులకు ఆ లెక్క వేయడం తేలిక. గుళ్లకు వేయడానికే ఎవరూ ముందుకు రారు, భక్తుల మనోభావాలని వెనక్కి తగ్గుతారు.

ఆ జంకు అక్కర్లేదు. నెమలిగుండ్ల స్వామికి పూజలు శనివారమే. మిగతా ఆరు రోజులు ఆ లోయ జంతువులదే. ఏ కోర్టూ చెప్పకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది, దీన్ని ఏ భక్తుడూ తప్పుపట్టలేదు. ఇష్టకామేశ్వరి దారి మూసే నెలలకూ అంతే మర్యాద దక్కాలి, పలుకుబడి ఉన్నవాళ్ల కోసం గొలుసు తీయకూడదు. దేవాదాయ, అటవీ, పర్యాటక శాఖలు కలిసి కూర్చుని గుడికో లెక్క, నెలకో లెక్క రాసి దోర్నాలలో, రాచర్లలో బోర్డు పెట్టాలి. కొత్త కాటేజీల టెండర్లు ఆ తర్వాతే.