గాజు తొట్టిలో యూరియా వేయకండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇంట చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లకు, రంగుచేపలు అమ్మేవాళ్లకు, ఎరువుల దుకాణాల వాళ్లకు మనవి.

తొట్టిలో ప్లాస్టిక్ మొక్కలు తీసేసి అసలు మొక్కలు నాటుకోవడం మంచి పని. చేపల మలం వల్ల నీళ్లలో చేరే నత్రజనిని అవి పీల్చుకుంటాయి, పగటిపూట ప్రాణవాయువు ఇస్తాయి. చిక్కు ఎక్కడంటే, కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కుతాయి. పత్తికీ మిర్చికీ తెచ్చిన సంచి ఇంట్లోనే ఉంటుంది కనుక చిటికెడు యూరియానో, నాలుగు డీఏపీ గింజలో వేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

యూరియాలో 46 శాతం నత్రజని. నీళ్లలోనూ గులకరాళ్లలోనూ ఉండే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో రాళ్లు పోను సుమారు 50 లీటర్ల నీళ్లుంటాయి. అందులో ఒక్క గ్రాము యూరియా పూర్తిగా విడిపోతే లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా అమ్మోనియా నత్రజని చేరుతుంది. అదంతా విషం కాదు. ఎంత విషమన్నది నీటి క్షారగుణం తేలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే వందలో ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 అయితే వందలో ఏడు వంతులు దాటుతుంది, అంటే లీటరుకు 0.6 మిల్లీగ్రాముల పైమాటే. 0.05 దాటితే చాలు, మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలక అనుకుంటాం కానీ, ఒక్కోసారి అవి ఊపిరాడక కొట్టుకునేది మొప్పలు కాలినందువల్ల. జనగామ లాంటి రాతినేలల్లో బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పదనం, క్షారం ఎక్కువున్నవే. ఇంకోచోట చేపలు తట్టుకున్న మోతాదును ఇక్కడ తట్టుకోలేవు. డీఏపీలోని 18 శాతం నత్రజని కూడా అమ్మోనియా రూపమే, పైగా దానిలోని భాస్వరం అవసరానికి మించితే తొట్టి గోడలకు పాచి పట్టిస్తుంది. 19-19-19 అని అమ్మే పొడిలోనూ యూరియా, అమ్మోనియా ఉంటాయి.

ఇంకొక సంగతి. 2015 నుంచి మన దేశంలో సాగుకు అమ్మే యూరియా దాదాపు అంతా వేపపూతతో వస్తోంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను పొలంలో నెమ్మదింపజేయడానికే ఆ పూత. తొట్టిలో చేపల ప్రాణం నిలిపేవి సరిగ్గా ఆ సూక్ష్మజీవులే. వాటికి అడ్డుపడేదాన్ని మనమే తెచ్చి నీళ్లలో కలపడం ఎంత చేటో ఆలోచించండి.

మరి చేపల చెరువుల్లో పెంట, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు కదా అని అడుగుతారు. నిజమే, వేస్తారు. అక్కడ ఎకరాల నీళ్లుంటాయి, అడుగున బురద ఉంటుంది, ఎండ పడుతుంది. నీళ్లు పచ్చబారి చేపపిల్లలకు మేతగా నలుసు నాచు పెరగాలన్నదే అక్కడి లెక్క. మన తొట్టిలో నీళ్లు తేటగా ఉండాలి. ఆ లెక్క ఇక్కడికి తేవడం తప్పు.

చేపలు, మొక్కలు ఒకే పాత్రలో ఎలా బతుకుతాయో 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ చూపించాడు. రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క, కుళ్లిన ఆకులు తినే నత్తలు, ఇంతే ఆయన సరంజామా. అదే పేరున్న ఆయన కొడుకు ఇంగ్లండ్‌లోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా ముందు నైట్రైటుగానూ తర్వాత నైట్రేటుగానూ మారడం వేర్వేరు జీవుల పని అని తేల్చాడు. ఆ జీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు తక్కువ వేసి, ఏ ఎరువూ వేయకండి.

తర్వాత కూడా తొందరపడొద్దు. చేపల మలమే చాలా మొక్కలకు సరిపోతుంది. వెలుగు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, నేరుగా ఎండ వద్దు. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువైందని అర్థం. అప్పుడు 13-0-45 వాడండి. మిర్చికి పిచికారీ చేసే పొటాషియం నైట్రేటే అది, ఇతర మందులేవీ కలపని పొడి అని సంచి మీద చూసుకోండి. 25 గ్రాములు అర లీటరు నీళ్లలో కరిగించి సీసాకు పేరు రాసి పెట్టుకోండి. సూది తీసిన సిరంజితో వారానికి 10 మిల్లీలీటర్లు, అంటే అర గ్రాము, 50 లీటర్ల తొట్టికి. దానితో లీటరుకు 6 మిల్లీగ్రాముల నైట్రేటు చేరుతుంది. పరీక్ష పట్టీలో నైట్రేటు ఇప్పటికే 20 దాటి ఉంటే అసలు వేయొద్దు. పొడిని పిల్లలకూ నిప్పుకూ దూరంగా ఉంచండి. లేతాకులు తెల్లబారితే ఇనుము కావాలి. దానికి పొలం సూక్ష్మపోషకాల మిశ్రమం తేవద్దు. రాగి ఉన్న మిశ్రమాలు నత్తలనూ రొయ్యలనూ చంపుతాయి. అక్వేరియం కోసమే చేసిన మందు కొనండి.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక బక్కెట్లో రాత్రంతా మూత లేకుండా ఉంచి పోయండి. బయ్యారం పెద్దచెరువు నుంచో, గణపసముద్రం నుంచో నాచుమొక్క తెచ్చుకుంటే నేరుగా తొట్టిలో పెట్టకండి. చేలల్లో కొట్టిన మందులు, జలగలు దాంతోపాటే రావచ్చు. బాగా కడిగి, విడి బక్కెట్లో కొన్నాళ్లు ఉంచి చూడండి. తొట్టిలో విసుగొచ్చిన మొక్కల్ని, చేపల్ని మాత్రం చెరువులో వదలకండి.

యూరియా ఇప్పటికే వేసి ఉంటే మేత ఆపండి, గాలి పంపు ఆపకండి. క్లోరిన్ పోయిన నీళ్లతో సగం మార్చండి, మరునాడు మళ్లీ సగం మార్చండి. అమ్మోనియా విడుదల ఒక్కరోజుతో ఆగదు కనుక వారం పాటు గమనించండి.

రంగుచేపలమ్మే అన్నలకు ఒక విన్నపం. మొక్క అమ్మినప్పుడు తొట్టి ఎన్ని లీటర్లని అడిగి, ఏ మందు ఎంత వేయాలో తెలుగులో చీటీ రాసివ్వండి. ఎరువుల దుకాణాల వాళ్లూ, చేపల తొట్టికని ఎవరైనా గుప్పెడు యూరియా అడిగితే ఎందుకు వద్దో చెప్పి పంపండి. 2025 వానాకాలంలో ఒక్క సంచి కోసం రైతులు తెల్లవారకముందే వరుసల్లో నిలబడ్డారు. ఆ సంచి పొలానికే పోనివ్వండి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయాలు చెరువుల పెంపకం మీద వేసే కరపత్రాలకు ఇంటి తొట్టి గురించి ఒక అరపేజీ చేర్చాలని మూడు జిల్లాల అధికారులనూ కోరుతున్నాం. తొట్టి పెట్టుకున్న బళ్లలో సైన్సు సార్లు, మేడమ్‌లు పిల్లల చేతనే పీహెచ్, అమ్మోనియా పట్టీలతో వారానికోసారి కొలిపించి గోడ మీద రాయించాలని మా కోరిక.