కరెంటు పోతే సోలారూ పోతుంది!

"డాబా మీద సోలార్ పెట్టించాం, ఇక కరెంటు బాధ లేదు" అని మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అయ్యా, తగ్గింది బిల్లు బాధ. కరెంటు బాధ అట్టాగే ఉంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మామూలుగా పెట్టేది బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ రకం. లైన్లో కరెంటు పోగానే దాని ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగాలి కూడా, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదకొస్తుంది. నా గొడవ దాని గురించి కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం పైన మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు, కింద తిరగని ఫ్యాను... దీన్ని స్వయంసమృద్ధి అని అమ్మడం గురించి.

"నెట్ మీటరింగ్ ఉందిగా, గ్రిడ్డే మన బ్యాటరీ" అంటారు కొందరు. గ్రిడ్ మన ఖాతా పుస్తకం మాత్రమే. పుస్తకంలో యూనిట్లు ఎన్నున్నా చీకట్లో లైటు వెలగదు.

"బ్యాటరీ ఖరీదు, మనవాళ్ళు కొనలేరు" అనేది ఇంకో మాట. మరి ఇళ్ళల్లో మెట్ల కింద ఉన్న ఆ 150 ఏహెచ్ బ్యాటరీ ఏంటి సార్? 12 వోల్టులతో గుణిస్తే 1.8 యూనిట్లు, వాడుకోగలిగేది అందులో సగం. నీళ్ళు పోస్తూ, కొన్నేళ్ళకోసారి మారుస్తూ, గ్రిడ్ కరెంటుతోనే ఛార్జ్ చేస్తున్నాం. అంటే బ్యాటరీలు కొంటూనే ఉన్నాం, సోలార్‌కి కలపట్లేదంతే!

మూడు కిలోవాట్లు రోజుకి సగటున 12 యూనిట్లు ఇస్తాయి. హైబ్రిడ్ ఇన్వర్టర్, ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంటే ఫ్యాన్లు, ఫ్రిజ్, రూటర్, ఆర్వో మిషను రాత్రంతా నడుస్తాయి (ఏసీ సంగతి వేరు). కరెంటు పోయినప్పుడు అది ఇంటిని లైన్ నుంచి విడదీస్తుంది కాబట్టి లైన్‌మన్‌కీ భయం లేదు. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళకి ఆర్వో విలాసం కాదని వేరే చెప్పాలా?

ఇక సర్కారు వారి తీరు. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళకి 78,000 సబ్సిడీ, బ్యాటరీకి అదనంగా పైసా లేదు. 2025 సెప్టెంబరులో ప్యానెళ్ళ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు, లిథియం బ్యాటరీని 18 దగ్గరే ఉంచారు. పగలు పండించుకో, రాత్రికి మాత్రం దాచుకోకు అన్నట్టు!

ఊళ్ళో అమ్మానాన్నలకి సోలార్ పెట్టించే డబ్బు చాలావరకు మనలాంటి ఐటీ వాళ్ళదే. యూపీఎస్ లేని సర్వర్ రూమ్‌కి ఓకే చెప్తామా? చెప్పం కదా. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "కరెంటు పోతే మా ఇంట్లో ఏమేం పనిచేస్తాయి?" జవాబు కాయితం మీద రాయించుకోండి.