మౌనానికి కారణం ఉర్దూయేనా?

ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డ తెలుగు లేదా ఇంగ్లీషు మాధ్యమ తరగతిలో నోరు విప్పకపోతే, ‘ఇంట్లో ఉర్దూ కదా, మెల్లగా వస్తుంది’ అని ఉపాధ్యాయులు సరిపెడతారు. తల్లిదండ్రులూ నమ్ముతారు. ఈ నమ్మకం చాటున నత్తి, ఉచ్చారణ దోషం, భాషాలోపం గల పిల్లలు విలువైన ఏళ్లను కోల్పోతున్నారు.

కొత్త భాష ఇంకా పట్టుబడకపోవడం లోపం కాదు. నిజమైన లోపం అమ్మీతో, తోబుట్టువులతో ఉర్దూలో మాట్లాడేటప్పుడు కూడా కనిపిస్తుంది. కనుక బిడ్డను ఉర్దూలోనూ పరీక్షించాలి. రెండు భాషలు వినడం వల్ల ఈ లోపం పుట్టదు. ఇంట్లో ఉర్దూ మాన్పించనక్కరలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్కు, భాషా వైకల్యం ఒకటి. పరీక్షలలో అదనపు సమయం, ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లను 17వ సెక్షన్ పేర్కొంటున్నది. తెలుగు రాష్ట్రాలలో సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. వీటిని కోరుతూ ప్రధానోపాధ్యాయునికి దరఖాస్తు ఇచ్చి, నకలుపై తేదీతో సంతకం తీసుకోండి. నోటిమాట ఫైలుకెక్కదు.

ఇక తరగతిలో ఉపాధ్యాయులు చేయగలిగినవి ఖర్చులేని పనులే: జవాబు కోసం ఓపికగా ఆగడం, బిడ్డ మాటను మధ్యలో అందుకోకపోవడం, ఎగతాళిని అడ్డుకోవడం, చెప్పలేనిది రాసి చూపనివ్వడం.

ప్రతి మహల్లాలో ఇటువంటి తల్లిదండ్రులకు దరఖాస్తు రాసిపెట్టి, వెంట వెళ్ళే చదువరి ఒక్కరుండాలి. మసీదు కమిటీలు ఈ నెలలోనే ఆ ఒక్కరిని నియమించాలి.