అంచున చిన్న బాణం

తెరమీద కనిపించేదంతా ఫైల్లో ఉండదు. ఫైల్లో ఉన్నదంతా తెరమీద కనిపించదు. కంప్యూటర్ మీద రాతకోతలు చేసేవాళ్లు ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. మిగతా సగం సంగతి ఈ వారం చూద్దాం.

ముందు ఓ ఉదాహరణ. ఒక ఊళ్లో పింఛనుదారుల జాబితా తయారవుతోందనుకోండి. మనిషికి ఒక వరుస. అందులో పేరు, ఇంటి నంబరు, చిరునామా, చివర బ్యాంకు ఖాతా నంబరు. మొత్తం 300 మంది. వాళ్లలో ఒక పెద్దావిడ చిరునామా బారుగా ఉంది. కిటికీ వెడల్పు చాలక ఆ వరుస సగం కిందికి దిగింది. టైపు చేస్తున్న కుర్రాడు ఎందుకైనా మంచిదని సరిగ్గా అక్కడే ఎంటర్ కొట్టాడు. తెరమీద ఒక్క అక్షరం కూడా కదల్లేదు. కానీ ఫైల్లో ఆ పెద్దావిడ రెండు ముక్కలైంది. పై ముక్కకి ఖాతా నంబరు లేదు. కింది ముక్కకి పేరు లేదు. జాబితా చదివే ప్రోగ్రామ్ రెండింటినీ తప్పుడు వరుసలుగా పక్కన పడేస్తుంది. నెల తిరిగేసరికి ఆవిడ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఎందుకు రాలేదో చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇందులో కుర్రాడి తప్పు ఎంత? ఎడిటర్ అతనికి తేడా చూపించలేదు. అసలు తప్పు అదే.

మడత వేరు, విరుపు వేరు

కంప్యూటర్లో వరుస కిందికి దిగడం రెండు రకాలు. ఒకటి మడత. కిటికీలో చోటు చాలక ఎడిటర్ తనంతట తాను వరుసని మడిచి చూపిస్తుంది. కిటికీ వెడల్పు చేస్తే మడత విప్పుకుంటుంది. ఫైల్లో దాని జాడే ఉండదు. రెండోది విరుపు. మనం ఎంటర్ కొడితే వచ్చేది. అప్పుడు ఫైల్లో కంటికి కనిపించని సంకేతం ఒకటి పడుతుంది. లినక్స్‌లో ఒకటి, విండోస్‌లో మామూలుగా రెండు సంకేతాలు పక్కపక్కన. కిటికీని ఎంత సాగదీసినా విరుపు విరుపే.

చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. మరి తేడా ఎవరు చెప్పాలి? ఎడిటర్ అంచు చెప్పాలి. మనం తెరమీద ఖాళీ జాగా అనుకుని వదిలేసే ఆ సన్నటి పట్టీ ఉన్నది ఇందుకే.

ఈమాక్స్ అంచు

ఈ పనిని శ్రద్ధగా చేసే ఎడిటర్లలో ఈమాక్స్ ఒకటి. పాత కాపు. 1976లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ని రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశారు. ఉచితం. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిమీదా నడుస్తుంది. 2001లో వచ్చిన 21వ వెర్షన్ నుంచి దీని కిటికీకి ఎడమా కుడీ రెండు సన్నటి పట్టీలున్నాయి. వాటిని ఫ్రింజ్ అంటారు. అంటే అంచు అనుకోండి. మామూలుగా ఒక్కోటి 8 పిక్సెళ్ల వెడల్పు.

గద్వాల చీర చూసే ఉంటారు. ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. ఈమాక్స్ అంచు కూడా అంతే. లోపల ఉన్నది అక్షరాలు. అంచులో ఉండేవి చిట్టి బొమ్మలు. అక్షరాలు మనవి, బొమ్మలు ఎడిటర్‌వి. ఒకదాన్ని చూసి ఇంకొకటి అని పొరబడే వీల్లేదు.

ఆ బొమ్మలు ఏం చెబుతాయి? వరుస మడత పడితే, మడత పడ్డచోట కుడి అంచులో ఒక వంపు బాణం, కింది ముక్క మొదట్లో ఎడమ అంచులో ఇంకో వంపు బాణం వస్తాయి. ‘ఇది ఒకటే వరుస, నేనే మడిచాను’ అని దానర్థం. మన కుర్రాడు ఆ బాణం చూసి ఉంటే ఎంటర్ జోలికి వెళ్లేవాడు కాదు. మడవకుండా వరుసని అంచు దగ్గర కత్తిరించి చూపించమని అడిగితే, అప్పుడు తిన్నటి బాణం వస్తుంది. ‘ఇంకా ఉంది, పక్కకి జరిగి చూడు’ అని.

మరో రెండు గుర్తులు మనం అడిగితేనే వస్తాయి. ఫైలు ముగిసిపోయాక మిగిలిన ఖాళీ జాగాలో అంచు వెంబడి చిన్న చిన్న గీతలు పెట్టమనొచ్చు. అప్పుడు ఫైలు చివర మీరు వృథాగా కొట్టిన ఎంటర్లు ఎన్నో ఇట్టే తెలుస్తాయి. గీత ఉన్నచోట ఏమీ లేదు. గీత లేకుండా ఖాళీగా ఉంటే అక్కడ నిజంగానే ఖాళీ వరుస ఉన్నట్టు. రెండోది ఫైలు మొదలు, చివర ఎక్కడో చూపే మూల గుర్తులు. పైనా కిందా ఇంకా పాఠం ఉంటే బాణాలు కనిపిస్తాయి.

మార్చుకోవడం ఎలా?

కమాండ్లు బట్టీ పట్టక్కర్లేదు. పైన మెనూలో ఆప్షన్స్, అందులో షో-హైడ్, అందులో ఫ్రింజ్ అని ఉంటుంది. అంచు అసలు వద్దనుకోవచ్చు, ఎడమవైపే ఉంచుకోవచ్చు, కుడివైపే ఉంచుకోవచ్చు, రెండువైపులా ఉంచుకోవచ్చు. ఖాళీ వరుసల గీతలూ, మూల గుర్తులూ కూడా అక్కడే ఉంటాయి. అన్నీ కుదిరాక ఆప్షన్స్‌లోనే ఉన్న సేవ్ ఆప్షన్స్ నొక్కడం మరవకండి. నొక్కకపోతే మూసి తెరిచేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది.

వెడల్పు మార్చాలంటే ఆల్ట్ కీ పట్టుకుని ఎక్స్ నొక్కి, ఫ్రింజ్-మోడ్ అని మధ్యలో అడ్డగీతతో టైపు చేసి ఎంటర్ కొట్టండి. సగం వెడల్పు కావాలంటే 4 పిక్సెళ్లు. మరీ తక్కువ కావాలంటే 1 పిక్సెల్. అంచు తీసేస్తే చోటు కలిసొస్తుందని కొందరి ఆశ. అది పూర్తిగా నిజం కాదు. అంచు లేకపోతే మడత గుర్తు పెట్టడానికి ఎడిటర్ ఒక అక్షరం చోటు మీ పాఠం నుంచే తీసుకుంటుంది. అక్కడ బాణానికి బదులు ఏటవాలు గీత పడుతుంది. బొమ్మలు చూపలేని నల్లటి టెర్మినల్ కిటికీలో నడిపినా ఇంతే.

ఇంకో సంగతి. అంచు వెడల్పు చేసినంతమాత్రాన బాణం పెద్దదవదు. కంటికి ఆనడం లేదనుకుంటే కొత్త బొమ్మే గీసుకోవాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. చుక్కల ముగ్గు లాంటిదే. వరుసకి ఇన్ని చుక్కలు, వాటిలో ఏవి వెలగాలి, ఏవి ఆరాలి అని చెప్పడమే. వెడల్పు 16 చుక్కల దాకా పెట్టుకోవచ్చు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఓ సాయంత్రం వాళ్లకి ఈ పని అప్పగించండి. అంచు రంగూ, బాణం రంగూ కూడా మార్చుకోవచ్చు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకి ముదురు రంగు బాణం హాయి.

జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. అదే ఆప్షన్స్ మెనూలో వరుసల్ని పదాల దగ్గర మడిచే వర్డ్ ర్యాప్ అనే ఏర్పాటు ఉంది. ఉత్తరాలు, వ్యాసాలు రాసుకోవడానికి చక్కగా ఉంటుంది. కానీ అది పెట్టుకుంటే మడత బాణాలు మామూలుగా మాయమవుతాయి. కథలు రాసుకునేవాళ్లకి ఫరవాలేదు. జాబితాలు చేసేవాళ్లు మాత్రం దాని జోలికి పోకుండా, కిటికీ అంచు దగ్గర మడిచే పద్ధతే ఉంచుకోవడం మేలు.

ఈమాక్స్ లేనివాళ్ల సంగతి?

విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్‌లో మడత గుర్తులు లేవు. పేజ్ సెటప్‌లో కనిపించే మార్జిన్లు కాగితం మీద అచ్చు వేసేటప్పటివి. తెరకి సంబంధం లేదు. అక్కడ ఒకటే మార్గం. వర్డ్ ర్యాప్ ఆపి చూడటం. ఆపినా వరుస విరిగే ఉందంటే అది నిజమైన విరుపే.

2003లో వచ్చిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ నయం. వ్యూ మెనూలో షో సింబల్ కింద వరుస చివరి సంకేతాలు, మడత గుర్తు, ఖాళీలు, ట్యాబులు విడివిడిగా చూపించుకోవచ్చు. వర్డ్ వాడేవాళ్లు తిరగేసిన పి లాంటి బటన్ చూసే ఉంటారు. అది నొక్కితే ఎంటర్ కొట్టిన ప్రతిచోటా అదే గుర్తు వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టినచోట వంపు బాణం వస్తుంది. మడత పడినచోట ఏమీ రాదు. ఇక్కడో తిరకాసు గమనించండి. ఈమాక్స్‌లో వంపు బాణం అంటే మడత. వర్డ్‌లో వంపు బాణం అంటే విరుపు. ఒక ఎడిటర్ అలవాటుని ఇంకోదానికి అంటగట్టకూడదు.

వరుస నంబర్లు మాత్రం దాదాపు ప్రతి మంచి ఎడిటర్లోనూ ఉంటాయి. ఈమాక్స్‌లో 2018లో వచ్చిన 26వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది. మడత పడిన వరుసకి ఒకటే నంబరు. విరిగితే రెండు. జాబితాలో 300 మంది ఉంటే చివరి మనిషి నంబరు 300 కావాలి. 301 అయితే ఎక్కడో ఎవరో ఒకరు రెండు ముక్కలయ్యారన్నమాట. పంపేముందు ఈ ఒక్క లెక్క చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.

80 అనే గీత

అంచున గుర్తు పెట్టాలన్న ఆలోచన ఈ తెరలకంటే పాతది. 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు గడులుండేవి. 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాషలో ప్రోగ్రామ్ రాసేవాళ్లు కార్డుకి ఒక వరుస రాసేవాళ్లు. వరుస ఒక కార్డులో పట్టకపోతే తర్వాతి కార్డు ఆరో గడిలో ఏదో ఒక గుర్తు పెట్టాలి. ‘ఇది పై కార్డుకి కొనసాగింపు’ అని చెప్పడానికి. మన వంపు బాణానికి అది తాత లాంటిది.

కార్డులు పోయినా 80 పోలేదు. 1978 నాటి ప్రసిద్ధ టెర్మినల్ వీటీ 100 కూడా మామూలుగా వరుసకి 80 అక్షరాలు చూపేది. ప్రోగ్రామర్లు వరుస అంతకు మించకుండా చూసుకోవడం ఆచారమైంది. లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు 2020లో వాళ్ల తనిఖీ ప్రోగ్రామ్‌లో ఆ హద్దుని 100కి సడలించారు. హద్దు దాటుతున్నామని చెప్పడానికి తెరమీద నిలువు గీత పెట్టుకునే సదుపాయం ఈమాక్స్‌లో అదే ఏడాది వచ్చిన 27వ వెర్షన్‌లో చేరింది.

తెలుగు రాసేవాళ్లు మాత్రం ఆ గీతని అంతగా నమ్మకండి. అది అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉంటాయనుకుని గీసేది. మన అక్షరాలు అలా ఉండవు. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. ఏ లెక్కన కొలిచినా గీతకీ మన వరుసకీ పొత్తు కుదరడం కష్టం.

ఎన్ని గుర్తులు చాలు?

ఇదంతా చదివాక కొందరు ఉన్న గుర్తులన్నీ ఒకేసారి పెట్టేసుకుంటారు. నంబర్లు, బాణాలు, చుక్కలు, గీతలు, రంగులు. మొదటి రోజు సరదాగానే ఉంటుంది. వారం తిరిగేసరికి కన్ను వాటిని చూడటం మానేస్తుంది. ఎప్పుడూ మోగే గంటని ఎవరూ పట్టించుకోరు. మరికొందరు శుభ్రంగా ఉండాలని అన్నీ తీసేస్తారు. తెర తెల్లటి కాగితంలా ఉంటుంది. కానీ అందులో ఏం దాగుందో తెలియదు.

మధ్యే మార్గం ఏమిటంటే, మీ పనిలో దొర్లే తప్పు ఏమిటో ముందు కనిపెట్టండి. దాన్ని పట్టిచ్చే గుర్తు ఒక్కటి పెట్టుకోండి. జాబితాలు చేసేవాళ్లకి మడత బాణం, వరుస నంబరు. పేర్లు పోల్చి చూసే పని అయితే వరుస చివరి ఖాళీలకి రంగు. ఎందుకంటే ‘లక్ష్మి’ వేరు, చివర ఖాళీ ఉన్న ‘లక్ష్మి’ వేరు. మనకి ఒకటే. కంప్యూటర్‌కి ఇద్దరు. పైథాన్ నేర్చుకునే పిల్లలకి ట్యాబులూ ఖాళీలూ విడిగా కనబడటం ముఖ్యం. రెండింటినీ అడ్డదిడ్డంగా కలిపి జరిపితే పైథాన్ మూడో తరం ప్రోగ్రామ్‌ని నడపనే నడపదు. ఉత్తరాలు రాసుకునే తాతగారికి ఇవేవీ అక్కర్లేదు. రెండువైపులా కాస్త వెడల్పాటి అంచు చాలు.

చివరిగా ఒక్కటి. ఈ గుర్తులేవీ ఫైల్లోకి వెళ్లవు. మీరు పంపిన ఫైలు తెరిచేవాళ్లకి మీ బాణాలు కనిపించవు. వాళ్ల ఎడిటర్ ఏది చూపిస్తే అదే కనిపిస్తుంది. అందుకే ఒకే జాబితా నలుగురి చేతులు మారే చోట నలుగురూ ఒకే గుర్తులు పెట్టుకోవాలి. కొత్తగా చేరిన కుర్రాడికి టైపింగ్ స్పీడు ఎంతని అడిగే ముందు, మడతకీ విరుపుకీ తేడా చూపించండి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరి నెల పింఛనో కాపాడొచ్చు.