ఎండను ఆపలేం, ఎరువును ఆపగలం!

రైతు సోదరులారా, చేపల చెరువుల యజమానులారా, డ్రెయిన్ల పక్క ఊళ్ల అక్కచెల్లెళ్లారా!

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఏవైనా చివరికి చేరేది కొల్లేటికే. అక్కడి నుంచి నీళ్లు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. ఆ దారిలోనూ, మన మురుగు డ్రెయిన్లలోనూ గుర్రపుడెక్క మందంగా పేరుకుంటే వరద కదలదు. మునిగేది మన సార్వా చేలు, మన ఇళ్లు.

ఏటా డెక్క తీయిస్తున్నారు, ఏటా మళ్లీ వస్తోంది. ఎందుకొస్తోందో తెలుసుకోకుండా ఎంత డబ్బు పోసినా దండగే.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కకు కావలసినవి రెండే: వెచ్చటి నీళ్లు, ఆ నీళ్లలో ఎరువు. నీటి వేడి 28–30 డిగ్రీల దగ్గర ఉంటే ఇది జోరుగా పెరుగుతుంది. 10 డిగ్రీలకు పడిపోతే ఎదుగుదల ఆగుతుంది, మంచు కురిసే దేశాల్లో ఆ చలికే చస్తుంది. మన డెల్టాలో ఎంత చలికాలమైనా నీళ్లు అంత చల్లబడవు. సంక్రాంతి రోజుల్లో కాస్త నెమ్మదిస్తుంది, అంతే. శివరాత్రి దాటి ఎండ ముదిరిందా, రెండు వారాలకే రెట్టింపు కాగలదు. అప్పుడు ఒక్క సెంటు మేర వదిలేసిన డెక్క అదే లెక్కన పన్నెండు వారాల్లో 64 సెంట్లు కమ్ముతుంది!

ఎండ మన చేతిలో లేదు. ఎరువు మాత్రం పూర్తిగా మన చేతిలోదే. కావాలంటే మీ డ్రెయిన్‌లోంచి ఒక మొక్క పీకి చూడండి. ఆకు మోకాలెత్తు లేచి, కింద వేళ్లు పొట్టిగా ఉంటే ఆ నీళ్లలో నత్రజని, భాస్వరం దండిగా ఉన్నట్టు. ఎరువు లేని నీళ్లలో అదే మొక్క ఆకు చిన్నదిగా ఉంటుంది, తిండి కోసం వేళ్లు మాత్రం పొడుగ్గా సాగుతాయి. మన డ్రెయిన్లలో ఇప్పుడు ఎలాంటి మొక్క ఉందో మీరే చూడండి.

ఆ ఎరువు ఎవరిది? దాళ్వా చేలో చల్లిన యూరియా, డీఏపీ మనవే. చెరువు ఖాళీ చేసేటప్పుడు డ్రెయిన్‌లోకి వదిలే కోళ్ల పెంట నీళ్లు మనవే. రాత్రిపూట గట్టున ఆగే సెప్టిక్ ట్యాంకు బండి ఖాళీ చేసేది మన మరుగుదొడ్లనే. కొన్న ఎరువుతో డెక్కను మేపుతున్నాం!

రైతన్నలారా, యూరియా ఒక్కసారే కుమ్మరించకండి, మూడు దఫాలుగా వేయండి. వాన మబ్బు ఉన్నప్పుడు చల్లకండి. చల్లాక కొన్ని రోజులు మడి నీళ్లు బయటికి పోకుండా గండి కట్టేయండి. చెరువుల యజమానులారా, అడుగు బురద నీటిని నేరుగా డ్రెయిన్‌కు వదలకండి. పక్కన గుంటలో తేర్చి, వీలైతే వరి చేలకు పెట్టండి. సెప్టిక్ బండి డ్రెయిన్ దగ్గర ఆగితే అడ్డుకుని పంచాయతీకి చెప్పండి.

తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మొక్కల మధ్య తీగ తెగి నీళ్లలో మిగిలిన చిన్న పిలక చాలు, మళ్లీ మొదలవుతుంది. మందు కొట్టి అలాగే వదిలేస్తే కుళ్లి, తిన్న ఎరువంతా తిరిగి నీళ్లకే ఇస్తుంది. ఆ కుళ్లుకు నీటిలో ప్రాణవాయువు తగ్గి బొచ్చె, శీలావతి తేలిపోతాయి. గట్టు అంచున పోసినా మొదటి వానకే జారి లోపల పడుతుంది. గట్టు దాటించి ఎండబెట్టండి. ఊదారంగు పూలు విత్తనం కట్టకముందే తీయండి. బురదలో పడిన విత్తనం పదిహేనేళ్ల తర్వాత కూడా మొలవగలదు.

నీళ్లు వేడెక్కకముందే ఈ పని కావాలి. వచ్చే ఆదివారం పొద్దున్నే కొడవళ్లు, పంగలకర్రలు, మోకులు పట్టుకుని ఇంటికొకరు డ్రెయిన్ గట్టు మీదకు రండి. పడవ ఉన్నవాళ్లు పడవ తెండి. రాలేనివాళ్లు ఆ రోజు మీ చేను గండి, మీ చెరువు తూము కట్టి ఉంచండి.

— కొల్లేరు ఎగువ ఊళ్ల రైతులు, మత్స్యకారులు